యల్లాప్రగడ సుబ్బారావుగారి పట్టము

ప్రాచీనకాలమున గురుకులమునందు విద్య ముగించిన బ్రహ్మచారి సమావర్తనస్నానము చేసి స్నాతకుడగుచుండెను. గురువు చాలునన్నచో చాలును. నడుమ గుమాస్తా లేడు, ముద్ర లేదు, రుసుము లేదు. నేటి విశ్వవిద్యాలయములు ఆ స్నానమును విడిచి, స్నాతకోత్సవమను పేరు మాత్రము నిలుపుకొన్నవి. మేము భాషాప్రవీణ పరీక్షయందు కృతార్థులమైన పిమ్మట, ధ్రువపత్రమున మా యింటిపేరు తప్పుపడగా, ఒక్క యక్షరము దిద్దించుకొనుటకు ఒక కార్యాలయము చుట్టును పెక్కుమారులు తిరుగవలసివచ్చెను. అంతమాత్రమునకే మాకు కోపము వచ్చినది. మన శాఖలో జన్మించిన యొక మహానుభావునకు తప్పినది అక్షరము కాదు, పట్టమే. ఆ వృత్తాంతమును ఈ సంచిక చదువువారికి విన్నవింతుము.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున నియోగి కుటుంబమున జన్మించిరి. అప్పటికి పశ్చిమగోదావరి జిల్లాయే లేదు. అది ఏలూరు ముఖ్యపట్టణముగా 1925లో ఏర్పడినది. 2022లో మరల విభజింపబడి, ఏలూరు వేరుజిల్లా కాగా, పశ్చిమగోదావరికి భీమవరము ముఖ్యపట్టణమైనది. కావున వారు మావారు మావారని ఏలూరువారును భీమవరమువారును వాదులాడుకొనుట వ్యర్థము. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూశాఖలో చిన్నయుద్యోగి, తల్లి వెంకమ్మగారు. బాలుడు రాజమహేంద్రవరమున చదివి, మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు చెన్నపట్టణమున హిందూ ఉన్నతపాఠశాలనుండి గట్టెక్కెను. ఈ సంగతిని వారి చరిత్ర వ్రాసినవారు దాచలేదు. మనమును దాచవలదు. దీనితో మాకు ముందు పని కలదు.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెటు ముగించి వారు మదరాసు వైద్యకళాశాలలో చేరిరి. వేరు దారి లేదు. మదరాసు విశ్వవిద్యాలయము 1857లో పుట్టినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926వరకును రాలేదు. విశాఖపట్టణపు వైద్యకళాశాల సైతము 1923లో గాని తెరవబడలేదు. తెలుగు బాలుడెవడైనను వైద్యపట్టము గోరినచో చెన్నపట్టణమునకు పోవలసినదే. మిత్రులును, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును వారి చదువునకు ధనసాహాయ్యము చేసిరి. ఈ మూర్తిగారే పిదప పిల్లనిచ్చిన మామగారైరి.

గాంధీమహాత్ముని పిలుపు విని సుబ్బారావుగారు విదేశవస్త్రమును విడిచిరి; శస్త్రచికిత్సాగారమునందు ధరించు అంగీని గూడ ఖద్దరుతో కుట్టించుకొనిరి. శస్త్రచికిత్సాచార్యుడైన బ్రాడ్‌ఫీల్డు దొరకు ఇది కంటగింపయ్యెను. వ్రాతపరీక్షలలో బాగుగనే వ్రాసినను, తుదకు వారికి లభించినది ఎం.బి.బి.ఎస్. పట్టము కాదు, దానికి తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రము.

ఈ భేదము కాగితముమీదిదే గదా యని కొందరనుకొందురు. ఎల్.ఎం.ఎస్. గలవాడు వైద్యము చేయవచ్చును, నాడి చూడవచ్చును, మందు వ్రాయవచ్చును. కాని మూడక్షరముల వెలితి తలుపులయొద్ద తెలియును. వారు మదరాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమునకు యత్నించి విఫలులైరి. సముద్రము దాటి అమెరికా చేరిన తరువాతను ఈ పత్రము అక్కరకు రాలేదు. వైద్యము నేర్చినవారయ్యును ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు మోయు సేవకవృత్తిచే పొట్ట పోసికొనవలసివచ్చెను.

అంతకుముందు వారు చెన్నపట్టణమున ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించిరి. సంస్కృతము చదివిన మాబోటివారికి ఈ ఘట్టము మిక్కిలి ప్రియము. ప్రియమైనంతమాత్రమున పెంచి చెప్పరాదు. వారి ఔషధములన్నియు చరకసుశ్రుతములనుండి తీసినవే యని సభలలో ఉపన్యసించువారు కలరు. అది సత్యము కాదు. అవి ప్రయోగశాలలో పుట్టినవి.

1922 అక్టోబరు 26న వారు బోస్టను నగరము చేరిరి. ప్రయాణమునకు ధనమెక్కడిది? కొంత మామగారు కూర్చిరి. సాహాయ్యము చేయుదుమని మాట యిచ్చిన వేరొకరు కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరుగారి ధర్మసంస్థవారు. నాయకరుగారు బర్మాదేశమున కష్టించి ధనమార్జించి, దానిని ధర్మమునకు వ్రాసి పోయినవారు. వారు మన శాఖవారు కారు. మన వేదికలమీద సుబ్బారావుగారి చిత్రపటమునకు పూలమాల వేయునపుడు ఈ పేరు వినబడకుండుట మాకు చాలకాలముగా లోటుగా నున్నది.

హార్వర్డున ఉష్ణమండలవైద్యమునందు డిప్లొమా పొంది, వారు జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్కు గారితో కలిసి పని చేసిరి. శరీరద్రవములలో భాస్వరము నెంత గలదో కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. అది నేటికిని ఆ యిరువురి పేర వ్యవహరింపబడుచున్నది. 1927లో ఫాస్ఫోక్రియాటినును, 1929లో కండరముల శక్తికి మూలమగు ఏ.టి.పి.ని కనుగొనిరి. పి.హెచ్.డి. పట్టము 1930లో వచ్చినది. అప్పటికి వయస్సు 35 ఏండ్లు. పాఠ్యగ్రంథములకెక్కు పని ముందు, పట్టము తరువాత. ఆ పట్టము వచ్చినను హార్వర్డువారు స్థిరమైన యాచార్యపదవి నీయలేదు. 1940లో వారు లెడర్లీ ప్రయోగశాలకు మారిరి.

అచ్చట వారి యాధ్వర్యవమున జరిగిన పనులలో రెండింటిని మాత్రము చెప్పుదుము. వారి సోదరులిరువురు స్ప్రూ అను గ్రహణీరోగమున మరణించిరి. ఆ రోగమునకు మందగు ఫోలికామ్లమును 1945లో ఆ ప్రయోగశాలవారు సంశ్లేషించిరి. రెండవది 1947 నాటి హెట్రజాను. గోదావరి మండలములలో బోదకాలు ఎరుగని యూరు లేదు. కొల్లేటిపల్లెలలో దానిని దైవాగ్రహమనుకొనిన పెద్దలను మేము చూచితిమి. 1955లో దేశమున బోదవ్యాధి నియంత్రణకార్యక్రమము మొదలైనపుడు పంచిన డి.ఇ.సి. మాత్ర యిదియే. ఆ బిళ్ల మ్రింగినవారిలో ఎందరికి తెలియును అది భీమవరము బిడ్డ చలువ యని? సుబ్బారావుగారు అమెరికా పౌరులు కాకయే 1948 ఆగస్టులో న్యూయార్కు నగరమున పరమపదించిరి. చెన్నపట్టణమున తప్పిన పట్టము తప్పినట్లే మిగిలినది.

మన విద్యానిధి వేతనములకు ఈ సంవత్సరము ప్రతిపాదించిన నిబంధనలలో "మొదటి యత్నమున ఉత్తీర్ణులైనవారికి మాత్రమే" యను వాక్యమొకటి కలదు. ఆ నిబంధన 1913 ప్రాంతముల నుండినచో సుబ్బారావుగారి దరఖాస్తు మన బల్లమీదనే త్రోసివేయబడియుండెడిది. దానిని కొట్టివేయుమని కార్యవర్గమునకు వ్రాతమూలకముగా విన్నవించితిమి. మధ్యాహ్నపు సభలో అది చర్చకు వచ్చునపుడు పోషకమహాశయులు సన్నిహితులై యుండ ప్రార్థించుచున్నాము.