నల్లబడ్డ ఆయిల్ చెడిపోయినట్టేనా? కందెన నుంచి కొల్లేరు ఆయిల్ ఇంజన్ దాకా

ఇవాళ ఎపిసోడ్ ఇంట్లో పాత బండి ఉన్నవాళ్ల కోసం. నాన్నగారి స్ప్లెండర్, తాతగారి బుల్లెట్, కొల్లేరు చెరువు గట్టు మీద డగడగలాడే ఆయిల్ ఇంజన్, ఏదైనా సరే.

ఏలూరులో గానీ తాడేపల్లిగూడెంలో గానీ మెకానిక్ షెడ్డుకి వెళ్తే మూడు మాటలు వినిపిస్తాయి. ఒకటి: "ఆయిల్ నల్లబడిపోయిందండి, ఇంక పనికిరాదు." రెండు: "పాత ఇంజన్ కదండీ, చిక్కటి ఆయిల్ పోయిద్దాం." మూడు: "పాత బండికి కొత్త రకం ఆయిల్ పోస్తే లీకులొస్తాయండి."

ఈ మూడూ అబద్ధాలు కావు. ఒక్కోటీ ఒక్కో కాలంలో నిజం. తర్వాత ఆయిల్ మారిపోయింది, మాట మాత్రం మిగిలిపోయింది. సాఫ్ట్‌వేర్‌లో కూడా అంతే కదా. ఎప్పుడో ఎవరో ఒక కారణంతో ఒక రూల్ రాస్తారు. కారణం పోతుంది, రూల్ ఉంటుంది, తీసేయడానికి అందరికీ భయం. సో, ఈ మూడు రూల్స్ ఎప్పుడు, ఎందుకు పుట్టాయో చూద్దాం. అది తెలిస్తే మీ బండి ఆయిల్‌ని మీరే చదవగలరు.

ఆముదం రోజులు

ఇంజన్లు రాకముందే మనకి లూబ్రికెంట్ ఉంది. దాని పేరు కందెన. ఎడ్లబండి ఇరుసుకి రాసేవాళ్లు. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి చేసేవాళ్లు. అంటే మన మొదటి లూబ్రికెంట్ పుట్టుకతోనే నలుపు!

ఆ ఆముదమే ఇంజన్లలోకీ వెళ్లింది. ఇంగ్లండ్‌లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ కంపెనీ 1909లో ఆముదం కలిపిన ఆయిల్‌కి క్యాస్ట్రాల్ అని పేరు పెట్టింది. ఆముదాన్ని ఇంగ్లిష్‌లో క్యాస్టర్ ఆయిల్ అంటారు కదా, ఆ పేరు అందులోంచే వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం విమానాల్లో రోటరీ ఇంజన్లు ఉండేవి. వాటిలో పెట్రోల్ ఆవిరి క్రాంక్‌కేస్ గుండానే వెళ్లేది. మామూలు ఆయిల్ అయితే పెట్రోల్‌కి పల్చబడిపోతుంది. ఆముదం పెట్రోల్‌లో అంత తేలిగ్గా కరగదు, అందుకే దాన్ని వాడారు.

కానీ ఆముదానికి ఒక జబ్బుంది. వేడికి బంక కడుతుంది. వంటింట్లో నూనె సీసా మూత చుట్టూ జిగురు పేరుకుంటుంది చూడండి, అదే పని పిస్టన్ రింగుల దగ్గర జరుగుతుంది. సో, నూనె రంగు మారితే దించేయాలి అన్న భయం అప్పట్లో కరెక్టే.

1935లో అసలు మలుపు

తర్వాత భూమిలోంచి తీసిన మినరల్ ఆయిల్ వచ్చింది. మొదట్లో అందులో ఏ మందూ కలపలేదు. మసి, తేమ, కాలిన ఆయిల్ అన్నీ కలిసి అడుగున బురదలా దిగేవి. దీన్నే స్లడ్జ్ అంటాం. పైన ఆయిల్ కాస్త తేటగానే కనిపించేది, చెత్తంతా కింద ఉండేది.

1930ల్లో అమెరికాలో క్యాటర్‌పిల్లర్ డీజిల్ ట్రాక్టర్లకి రింగులు పట్టేసే సమస్య వచ్చింది. డీజిల్‌లో మసి ఎక్కువ, వేడి ఎక్కువ. దానికి మందుగా 1935 ప్రాంతంలో డిటర్జెంట్ కలిపిన ఆయిల్స్ వచ్చాయి. బట్టల సబ్బు లాజిక్కే: మురికిని వదలగొట్టి, కిందకి దిగకుండా ఆయిల్‌లోనే తేలేలా పట్టుకుంటుంది. 1941లో అమెరికా సైన్యం తన వాహనాల ఆయిల్‌కి ఒక స్పెసిఫికేషన్ పెట్టడంతో ఈ రకం లారీలన్నిటికీ పాకింది. తాడేపల్లిగూడెంలో పాత రన్‌వే ఉంది కదా, అది ఆ యుద్ధకాలం నాటిదే. విమానాల ఆయిల్ కథ వేరు. కానీ మనం ఇవాళ పోసే ఆయిల్‌కి ఆ యుద్ధంలో తిరిగిన లారీలే మూలం.

ఇప్పుడు మొదటి రూల్‌కి వద్దాం. డిటర్జెంట్ ఉన్న ఆయిల్ మసిని మోస్తుంది కాబట్టి నల్లబడుతుంది. నల్లబడటం అంటే పని చేస్తోందని అర్థం. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది, కంగారక్కర్లేదు. వేల కిలోమీటర్లు తిరిగినా తేనెరంగులోనే ఉంటే, అప్పుడు ఆ డబ్బా అసలుదా నకిలీదా అని ఒకసారి అనుమానించొచ్చు.

మూడో రూల్ కూడా ఇక్కడే పుట్టింది. ఏళ్ల తరబడి మందులేని ఆయిల్‌తో నడిచిన ఇంజన్‌లో ఒక్కసారిగా డిటర్జెంట్ ఆయిల్ పోస్తే, పేరుకున్న స్లడ్జ్ ఊడి జాలీకి అడ్డం పడుతుంది. స్లడ్జే మూసి ఉంచిన సందుల్లోంచి లీకులు బయటపడతాయి. అప్పటి మెకానిక్ కళ్లారా చూసి చెప్పిన మాట అది. కానీ మీ 2005 స్ప్లెండర్ పుట్టినప్పటి నుంచి డిటర్జెంట్ ఆయిలే తాగుతోంది. దానికి ఈ రూల్ వర్తించదు.

చిక్కదనం సంగతి

అమెరికాలో ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ 1911లో ఆయిల్ చిక్కదనానికి నంబర్లు పెట్టింది. అప్పట్లో ఒకటే నంబర్: 30, 40. వేడెక్కితే బాగా పల్చబడేది. ఎండాకాలానికి ఒకటి, చలికాలానికి ఒకటి మార్చుకునేవాళ్లు. మన ఎండలకి చిక్కటిదే దిక్కు.

1950ల్లో మల్టీగ్రేడ్ వచ్చింది. 20డబ్ల్యూ-50 అంటే చలిలో 20 రకంలా పారుతుంది, ఇంజన్ వేడిలో 50 రకంలా నిలబడుతుంది. డబ్ల్యూ అంటే వింటర్. ఏలూరులో చలి ఎంత ఉంటుందో మనకి తెలుసు కాబట్టి, మనం ముందు చూడాల్సింది రెండో నంబర్. సో, చిక్కటిది పోయాలన్న రూల్‌కి సగం మార్కులు. అరిగిన ఇంజన్‌లో చిక్కటి ఆయిల్ శబ్దం తగ్గిస్తుంది, పొగ కాస్త తగ్గిస్తుంది. అరుగుదలని మాత్రం బాగుచేయదు. సన్నటి దారులున్న ఇంజన్‌లో మరీ చిక్కటిది పోస్తే, పొద్దున్నే స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో పైకి ఆలస్యంగా ఎక్కి అరుగుదల పెంచుతుంది.

మడ్డిని చదవడం

ఇప్పుడు ప్రాక్టికల్. డిప్‌స్టిక్ తీయండి, మూత లోపలి వైపు చూడండి.

నలుపు, వేళ్లకి నున్నగా ఉంటే మామూలే. కిలోమీటర్ల లెక్క ప్రకారం మార్చండి.

నలుపు, తారులా ముద్దగా ఉంటే స్లడ్జ్. ఆలస్యంగా మార్చారు, లేదా ఇంజన్ ఎక్కువ వేడెక్కుతోంది.

పాలు కలిపిన కాఫీ రంగు వస్తే నీళ్లు. మూత దగ్గర కొంచెమే ఉండి, బండి రోజూ రెండు కిలోమీటర్లే తిరుగుతుంటే అది వానాకాలం తేమ. లాంగ్ రైడ్‌కి వెళ్తే ఆవిరైపోతుంది. డిప్‌స్టిక్ మీద కూడా అదే రంగు ఉండి, కారు రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ అనుమానం. బుల్లెట్‌కి రేడియేటరే లేదు కాబట్టి, దాన్లో అంత నీరుంటే బయటి నుంచి వచ్చిందే.

పెట్రోల్ వాసన, లెవెల్ పెరిగింది అంటే కార్బురేటర్ లీకై పెట్రోల్ ఆయిల్‌లో కలుస్తోంది. నడపకండి.

మెరుపు రజను కనిపిస్తే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము. అంటుకోకపోతే పిస్టన్ లేదా బేరింగ్ లోహం కావొచ్చు. రెండిట్లో ఏదైనా ఇంజన్ విప్పించి చూడాల్సిందే.

ఇంకో పాత టెస్ట్: తెల్లటి ఫిల్టర్ పేపర్ మీద ఒక చుక్క వేసి కొన్ని గంటలు వదిలేయండి. మసి నెమ్మదిగా అంచుల దాకా పాకితే ఆయిల్‌కి ఇంకా మోసే శక్తి ఉంది. మధ్యలోనే నల్లటి ముద్దగా, గీత గీసినట్టు ఆగిపోతే టైమ్ అయిపోయింది.

కాఫీ రంగు ఎంత సీరియస్సో 2024 సెప్టెంబర్ గుర్తు చేస్తుంది. బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. ఆ బుడమేరు వచ్చి కలిసేది మన కొల్లేరులోనే. బైకులు, ఆటోలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మునిగిన బండిని స్టార్ట్ చేయడమే పెద్ద తప్పు. నీళ్లు కలిసిన ఆయిల్ బేరింగుల మీద పొరలా నిలబడదు. సిలిండర్‌లో నీరుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ముందు ఆయిల్ మొత్తం దించి, ప్లగ్ తీసి నీరు పోగొట్టి, కొత్త ఆయిల్ పోసి, కాసేపు నడిపి, మళ్లీ మార్చాలి. ఆటో మీద బతికేవాళ్లకి వెయ్యి రూపాయల ఆయిల్‌కీ ఇంజన్ మొత్తం బోరుకి రావడానికీ తేడా ఇదే.

ఏ ఆయిల్ పోయాలి

డబ్బా మీద ఏపీఐ అని ఉంటుంది. మన సాఫ్ట్‌వేర్ ఏపీఐ కాదండోయ్, అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్! ఎస్‌తో మొదలైతే పెట్రోల్, సీతో మొదలైతే డీజిల్. రెండో అక్షరం ముందుకెళ్లే కొద్దీ కొత్త తరం.

ఇక్కడ ఒక ట్విస్ట్. 2004 ఎస్‌ఎమ్ తరం నుంచి పల్చటి గ్రేడ్లలో ఫాస్ఫరస్ బాగా తగ్గించారు, ఎందుకంటే అది కెటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది. కానీ జింకుతో కలిసి పాత ఇంజన్లలో క్యామ్‌ని కాపాడేది అదే. 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి గ్రేడ్లకి ఆ పరిమితి లేదు. అంబాసిడర్, పాత ఇనుప ఇంజన్ బుల్లెట్‌కి 20డబ్ల్యూ-50 నప్పడానికి ఇదీ ఒక కారణం.

స్ప్లెండర్ లాంటి బైకుల్లో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది. కంపెనీ చెప్పే 10డబ్ల్యూ-30, డబ్బా మీద జాసో ఎమ్ఏ అని చూసి కొనండి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు.

చెరువు గట్టు మీది ఆయిల్ ఇంజన్‌కి ఎస్‌ఏఈ 40 అని కంపెనీ చెప్తే అదే పోయండి. ఖరీదైన సింథటిక్ అక్కర్లేదు. టైమ్‌కి మార్చడమే ముఖ్యం.

చరిత్ర తెలియని సెకండ్‌హ్యాండ్ బండి కొన్నారా? ఘాటైన ఫ్లష్ జోలికి వెళ్లకండి. సరైన గ్రేడ్ మామూలు ఆయిల్ పోసి, ఫిల్టర్ మార్చి, వెయ్యి కిలోమీటర్లకే దించి మళ్లీ పోయండి. లోపలి మురికి మెల్లగా వస్తుంది.

లాస్ట్ పాయింట్. దించిన ఆయిల్ కాలవలో పోయకండి. ఏలూరు పక్కనుంచి వెళ్లే తమ్మిలేరు, అటు బుడమేరు, రెండూ చేరేది కొల్లేరుకే. 2002లో రామ్‌సర్ గుర్తింపు పొందిన సరస్సు అది, మనం తినే చేప పెరిగే నీళ్లు అవి. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ కొనేవాళ్లకి ఇవ్వండి. ఖాళీ డబ్బాకి కన్నం పెట్టి పారేయండి, లేకపోతే నకిలీ ఆయిల్‌తో మళ్లీ మన దగ్గరికే వస్తుంది.

ఈసారి షెడ్డులో ఎవరైనా ఒక రూల్ చెప్తే కొట్టిపారేయకండి, వాదించకండి. "ఇది ఏ కాలం ఇంజన్‌కి బాబాయ్?" అని అడగండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బాయ్!