హయత్‌నగర్ సరాయి: పాత కట్టడంలో గది ఎవరికి?

మన ఇళ్లలో లాఫ్ట్ అంటే సజ్జ. పండుగకు దించే పెద్ద గిన్నెలు, పాత ట్రంకు పెట్టె, తాతగారి కాలం నాటి ఇత్తడి బిందె ఉండే చోటు. పెద్ద నగరాల్లో ఆ మాటకు ఇప్పుడు కోట్ల విలువ వచ్చింది. పాత మిల్లునో, గోదామునో, చారిత్రక భవనాన్నో బాగుచేసి, ఎత్తైన కప్పును, ఇటుక గోడలను అలాగే ఉంచి, లోపల విలాసవంతమైన ఇల్లుగా మార్చితే దాన్ని లాఫ్ట్ అపార్టుమెంట్ అంటున్నారు.

ఈ పద్ధతికి పేరు తెచ్చిన చోటు న్యూయార్క్‌లోని సోహో. అక్కడి పోత ఇనుప స్తంభాల భవనాలు 19వ శతాబ్దంలో కట్టిన కార్ఖానాలు, గోదాములు. వ్యాపారాలు తరలిపోయాక అవి ఖాళీ పడ్డాయి. 1960లలో డబ్బు లేని చిత్రకారులు, శిల్పులు తక్కువ అద్దెకు వాటిలో చేరారు. అవి నివాసానికి అనుమతి ఉన్న భవనాలు కావు. కళాకారులు ఉండవచ్చని నగరం 1971లో ఒప్పుకుంది. అలా అద్దెకున్న వారి రక్షణకు 1982లో రాష్ట్రం చట్టం చేసింది. ఈలోగా ఆ పేట అందరి కంట్లో పడింది, అద్దెలు పెరిగాయి, ధనవంతులు వచ్చారు. పాడుబడ్డ భవనానికి ప్రాణం పోసిన వారిలో చాలామంది చివరకు అక్కడ ఉండలేకపోయారు.

ఇంత దూరపు కథ మనకెందుకంటే, పాత కట్టడాన్ని బతికించేటప్పుడు ఎదురయ్యే ప్రశ్న అక్కడా ఇక్కడా ఒకటే: బాగుచేశాక అందులో ఎవరుంటారు? మన ఊరి నడిబొడ్డునే దానికి ఒక ఉదాహరణ ఉంది.

మన ఊరికి పేరిచ్చిన హయత్ బక్షీ బేగం హైదరాబాదు నిర్మాత మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా భార్య, 1626 నుంచి 1672 వరకు ఏలిన అబ్దుల్లా కుతుబ్ షా తల్లి. ప్రజలు ఆమెను మా సాహెబా అని పిలిచేవారు. నేటి మాసాబ్ ట్యాంక్ పేరు అందులోంచి వచ్చిందే. 1667లో ఆమె మరణించింది. గోల్కొండ కుతుబ్ షాహీ సమాధుల మధ్య ఆమె సమాధి ఉంది.

ఆమె పేరిట మన ఊళ్లో ఉన్న మసీదు చుట్టూ విశాలమైన ఆవరణ, దాని అంచున వరుసగా నూరుకు పైగా గదులు కట్టారు. అదే సరాయి. దగ్గరలో హాథీ బావి ఉంది. ఏనుగులతో నీళ్లు తోడించడం వల్ల ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఇంత పెద్ద కట్టడం ఇక్కడే ఎందుకు వచ్చిందో తెలియాలంటే దారిని చూడాలి. గోల్కొండకు సముద్రపు వాకిలి మచిలీపట్నం. వజ్రాలు, కలంకారీ బట్టలు, గుర్రాలు, విదేశీ వర్తకులు అన్నీ ఆ దారినే నడిచాయి. ఎడ్లబండి వేగంతో సాగే ప్రయాణానికి మజిలీ మజిలీకీ నీడ, నీరు, రాత్రి దొంగల భయం లేని గోడ కావాలి. మన బడి పిల్లలు రోజూ దాటే 65వ నంబరు జాతీయ రహదారి ఈనాటికీ మచిలీపట్నం దాకానే వెళ్తుంది.

అలాంటి మజిలీలు ఎలా నడిచేవో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే 17వ శతాబ్దంలో రాసిపెట్టాడు. గోల్కొండ నుంచి మచిలీపట్నం వెళ్లే దారిలో మొదటి మజిలీని అతను తెనారా అన్నాడు. అక్కడ తోటలతో కూడిన నాలుగు పెద్ద భవనాలున్నాయి. అన్నిటికంటే అందమైన రాతి మేడ రాణి కోసం. మిగతా మూడింటిలో హోదా గల ప్రయాణికులు దిగవచ్చు. ముంగిలి చుట్టూ ఉన్న చిన్న గదులు పేద బాటసారులవి. రోజూ సాయంత్రం వారికి వండిన తిండి పెట్టేవారు. ఇతరుల చేతి వంట తినని హిందువులకు పిండి, కొంచెం వెన్న ఇచ్చేవారు.

ఈ వర్ణనలో హోదాల తేడా స్పష్టంగానే ఉంది. మేడ మేడే, గది గదే. అయినా కట్టే రోజునే పేదవాడికి కూడా గది కేటాయించారు. అతని ఆచారాన్ని సైతం లెక్కలోకి తీసుకున్నారు. నేటి విలాస భవనాల నక్షాల్లో ఆ గది మనకు కనబడదు.

హైదరాబాదులో పాత కట్టడాలకు కొత్త జీవితం రెండు రకాలుగా దొరికింది. ఫలక్‌నుమా ఒక రకం. 1884లో వికారుల్ ఉమ్రా శంకుస్థాపన చేసిన ఈ భవనం తర్వాత ఆరో నిజాం చేతికి వచ్చింది. ఎన్నో ఏళ్లు తాళం పడి ఉండి, సుమారు పదేళ్ల మరమ్మతు తర్వాత 2010లో తాజ్ హోటల్‌గా తెరుచుకుంది. అరవై గదులు, నూటొక్క మంది కూర్చునే భోజనాల బల్ల ఉన్నాయి. హోటల్ రాబడి లేకుంటే అంతటి పనితనాన్ని కాపాడటం కష్టమయ్యేదని ఒప్పుకోవాలి. కానీ ఆ మెట్లెక్కాలంటే జేబు బరువుగా ఉండాలి.

కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీది రెండో రకం. కిర్క్‌పాట్రిక్ కాలంలో, 1803 ప్రాంతంలో మొదలైన ఆ భవనంలోకి 1949లో మహిళా కళాశాల వచ్చింది. ఒకప్పుడు ఆంగ్ల దొరలకు మాత్రమే దారి ఇచ్చిన స్తంభాల మధ్య నుంచి తరతరాల తెలుగు, ఉర్దూ ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని నడిచారు. మన బడిలో చదివి అక్కడ పట్టా పుచ్చుకున్న అక్కచెల్లెళ్లకు ఇది వేరే చెప్పనక్కర లేదు. కట్టడం దెబ్బతిన్నది నిజమే. తర్వాత దాన్ని బాగుచేసేందుకు మద్దతు దొరకడానికి ఆ చదువుల జ్ఞాపకం కూడా తోడ్పడింది.

మన సరాయి ఈ రెండు దారుల్లో దేనిలోనూ పడలేదు. మసీదులో ప్రార్థన సాగుతోంది కనుక అది నిలిచింది. బాటసారి రావడం మానేశాక గదులు చితికిపోయాయి. ఇందులో ఆశ్చర్యం లేదు. మనిషి మసలని ఇంటి కప్పు మీద ఆకులు పేరుకుంటాయి, తూములు మూసుకుంటాయి, వాన నీరు గోడలోకి దిగుతుంది, ఆ తేమలో రావి మొక్క వేరు పోసుకుంటుంది. మరమ్మతుకు కూడా తెలివి కావాలి. గానుగ సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి పోయే దారి మూసుకుపోయి, రాయి, సున్నం రెండూ పొడిబారి రాలుతాయి. సున్నపు గోడకు సున్నమే మందు.

ఈ గదులను విలాస నివాసాలుగా మార్చమని ఎవరూ అనరు. ప్రార్థనా స్థలం ఆవరణ, రక్షిత కట్టడం. అయితే తాళం వేసి కాపాడతామన్నా అవి నిలవవు. మసీదు పెద్దల, పురావస్తు శాఖ సమ్మతితో కొన్ని గదులైనా పఠనాలయంగానో, ఊరి చరిత్ర చూపే చిన్న ప్రదర్శనశాలగానో, దారిన పోయేవారికి మంచినీళ్లిచ్చే చోటుగానో తెరిస్తే, కట్టించిన వారి ఉద్దేశానికి అది దగ్గరగా ఉంటుంది. మన పూర్వ విద్యార్థుల్లో సివిల్ ఇంజనీర్లు ఉన్నారు, న్యాయవాదులు ఉన్నారు, చరిత్ర చెప్పే టీచర్లు ఉన్నారు. గదులన్నీ కొలిచి నక్షా గీయడం, ఫొటోలు తీసి భద్రపరచడం, ఏటా ఎనిమిదో తరగతి పిల్లల్ని ఒక పూట అక్కడికి తీసుకెళ్లడం మన సంఘం శక్తికి మించిన పనులేమీ కావు.

మన బడి యాభై ఏళ్లు నిండుగా నిలిచిందంటే ప్రతి జూన్‌లో కొత్త పిల్లలు వచ్చి బెంచీల మీద కూర్చోవడం వల్లనే. సరాయికి అంతకు ఆరేడు రెట్ల వయసుంది. దానికి కావలసింది కూడా లోపలికి వచ్చే మనుషులే.