జెట్ విమానముల పోటీ

పోటీలో ముందు బయలుదేరినవాడే గెలుచునని మనమనుకొందుము. 1952 మే 2న బ్రిటిషు డి హావిలాండ్ వారి కామెట్, లండను నుండి జొహానెస్‌బర్గుకు ప్రయాణికులతో ఎగిరినది. ప్రపంచములో మొదటి జెట్ సర్వీసు అదే. అమెరికావారి వద్ద అటువంటిది అప్పటికి లేదు.

సరిగా ఏడాదికి కలకత్తా వద్ద ఒక కామెట్ గాలివానలో చిక్కి కూలినది. 43 మంది మరణించిరి. 1954లో మరి రెండు ఇటలీ దగ్గర సముద్రముపై, ఆకాశముననే పగిలినవి. ఫార్న్‌బరోలో ఒక కామెట్‌ను పెద్ద నీటితొట్టిలో నిలిపి, లోపలి ఒత్తిడిని పెంచుచు తగ్గించుచు, కదలకుండగనే ప్రయాణము వెంట ప్రయాణము చేయించిరి. తుదకు రేకు చీలినది. లోహపు అలసట! ఇరుసులు విరుగుట చూచిన మా రైల్వేవారికి ఇది 19వ శతాబ్దము నాటి శత్రువే.

ఆ సంగతిని బ్రిటిషువారు దాచక బహిరంగ విచారణలో వెల్లడించిరి. ప్రాణములతో కొన్న ఆ జ్ఞానము పోటీదారులకు ఉచితముగా దక్కినది. 1955లో పాన్ అమెరికన్ వారు బోయింగు 707లు 20, డగ్లసు డీసీ-8లు 25 కోరగా, బోయింగువారు ఉలికిపడి తమ విమానమును వెడల్పు చేసిరి. 1958 అక్టోబరు 4న సరిదిద్దిన కామెట్ అట్లాంటిక్ దాటినది. మూడు వారములకే, అంతకంటె పెద్దదైన 707 వచ్చినది. 1960లో మన ఎయిర్ ఇండియావారు ప్రవేశపెట్టినదియు 707నే.