ముందు వంతులు, తర్వాతే డ్రిప్పు

పదిమంది కలిసి ఒక తోట పెంచుదాం అనుకోగానే నీళ్ళ గురించి చర్చ సామాన్ల దగ్గర మొదలవుతుంది. డ్రిప్పు పైపులు వేద్దామా, పాదుల్లో ఎండుగడ్డి పరుద్దామా, వాననీటికి గుంట తవ్వుదామా అని. అన్నీ మంచివే, కాదనను. కానీ బోరులో నీళ్ళు అడుగంటిన రోజున "ఇవాళ తడి ఎవరి మడికి?" అన్న ప్రశ్నకి ఏ పైపూ జవాబు చెప్పదు. ఇది సామాను సమస్య కాదు, ఒప్పందం సమస్య. కరువు చూసిన ఊళ్ళు దీన్ని ఎలా తేల్చుకున్నాయో చూస్తే మనకి పనికొచ్చే సంగతులు చాలానే దొరుకుతాయి.

స్పెయిన్‌లో వాలెన్సియా చుట్టూ తూరియా నది నీళ్ళతో పండే కూరగాయల, పళ్ళ తోటలున్నాయి. ముస్లింల పాలనలో అక్కడ కాలవలు, పంపక పద్ధతులు స్థిరపడ్డాయి. 1238లో ఆరగాన్ రాజు మొదటి జేమ్స్ ఆ నగరాన్ని గెలిచాక కూడా నీళ్ళ విషయంలో పాత ఆచారమే సాగాలన్నాడు. రాజ్యం మారింది గానీ వంతులు మారలేదన్నమాట! ఇప్పటికీ అక్కడ ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి పెద్ద చర్చి గుమ్మం ముందు నీళ్ళ న్యాయస్థానం కూర్చుంటుంది. ఎనిమిది కాలవల రైతులు ఎన్నుకున్న రైతులే న్యాయమూర్తులు. వకీళ్ళు లేరు, వాదనలన్నీ నోటిమాటగానే. తగువు ఏ కాలవదో ఆ కాలవ ప్రతినిధి తీర్పులో పాల్గొనడు. 2009లో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

అదే 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్, 1990లో వచ్చిన తన పుస్తకంలో ఈ తోటల గురించి వివరంగా రాశారు. మామూలు రోజుల్లో వంతు వచ్చిన రైతు తన పొలానికి కావలసినంత పెట్టుకోవచ్చు, వృథా చెయ్యకూడదు, అంతే. వంతు తప్పితే మళ్ళీ వచ్చేదాకా ఆగాలి. గట్టి కరువొస్తే మాత్రం లెక్క మారుతుంది. ఏ పంట ఎండిపోయేలా ఉందో దానికి ముందు. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి. తర్వాతి వంతు రైతు గట్టు మీద ఎదురుచూస్తూ ఉంటాడు కాబట్టి ముందువాడు ఎక్కువ వాడుకోవడం కష్టం. మేము ఒక్క ప్రాసెసర్ని పది ప్రోగ్రాములకి వంతులేసి పంచుతాం గానీ, ఆ ప్రోగ్రాములు ఒకదాన్నొకటి కనిపెట్టుకోవు. పైన ఇంకో పెత్తందారు ఉండాల్సిందే. ఆ రైతులకి కాపలా ఖర్చు చాలావరకు కలిసొచ్చింది.

అంత దూరం ఎందుకు, మన దగ్గర లేదా అంటారా? ఉంది. చెరువు తూము తీసేది, మళ్ళకి నీళ్ళు పారించేది నీరుగంటి. తెలంగాణలో నీరటి అంటారు. ఎవరికివారు తూము ముట్టుకోవడానికి లేదు. రాయలసీమ, కర్ణాటక సరిహద్దు చెరువుల కింద దామాషా అని ఇంకో పద్ధతి ఉండేది. చెరువు సగమే నిండిన ఏడాది రైతులంతా కూర్చుని ఎంత నేల తడుస్తుందో లెక్కేసుకునేవారు. చెరువుకి దగ్గరున్న అంత నేలనీ, అది ఎవరిదైనా సరే, అందరూ వాటాలేసుకుని పండించుకునేవారు. మిగతాది బీడు. చివరి మడివాడు ఒక్కడే మునగకుండా, అందరూ కలిసి తగ్గించుకోవడం. ఇంతకన్నా తెలివైన పొదుపు నాకైతే కనపడలేదు.

మరి భూమే లేనివాడి సంగతి? ఈ ప్రశ్న గట్టిగా వేసినాయన మహారాష్ట్రలో విలాస్‌రావ్ సాళుంఖే. పుణెలో సొంత కంపెనీ నడిపిన ఇంజనీరు. 1972 కరువులో పురందర్ తాలూకాలో జనం కరువు పనుల్లో రాళ్ళు కొట్టడం చూసి, నాయ్‌గావ్‌లో 40 ఎకరాల గుడి మాన్యం కౌలుకి తీసుకున్నారు. వాన నీటికి అడ్డుకట్టలు వేసి, ఊట చెరువు తవ్వి, ప్రయోగం మొదలెట్టారు. దాన్నుంచి పుట్టిందే పానీ పంచాయత్. నీళ్ళు భూమిని బట్టి కాదు, ఇంట్లో మనుషుల్ని బట్టి. తలకి అర ఎకరం తడి, ఇంటికి రెండున్నర ఎకరాలు మించదు. భూమి లేనివాళ్ళకీ వాటా. పొలం అమ్మితే నీటిహక్కు దాంతో పోదు. చెరకు వెయ్యకూడదు. ఖర్చులో అయిదోవంతు రైతులే పెట్టుకోవాలి.

ఆయన 2002లో పోయారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ పథకాలన్నీ నిలబడలేదు. నియమం కాగితం మీద ఉంటే చాలదు, దాన్ని ఏటేటా కాపాడే జనం ఉండాలి. మన దగ్గర ఎవరి బోరు వాళ్ళకి వచ్చాక చాలా చెరువుల కింద నీరుగంటి పని లేకుండా పోయింది. నీళ్ళు ఎవరికివారివయ్యాక ఇంక కూర్చుని మాట్లాడుకునే అవసరమేముంది?

అంచేత కాలనీలోనో అపార్టుమెంటు వెనకో తోట వేస్తున్నవాళ్ళకి నా సలహా ఇది. సంక్రాంతి లోపే, నీళ్ళూ మనస్పర్థలు లేని మనసులూ ఉన్నప్పుడే కూర్చోండి. వాటా మడికా, మనిషికా తేల్చుకోండి. ఎండల్లో అరటిలాంటి నీళ్ళు తాగే మొక్కలు వద్దని ఒప్పుకోండి. నీళ్ళు సగమైతే కుళాయి దగ్గరి మళ్ళు మాత్రమే ఉంచి, వాటినే అందరూ పంచుకుంటామని రాసుకోండి. వంతుల కాగితం గోడకి అంటించండి. డ్రిప్పు పైపులు ఆ మర్నాడు కొనుక్కోవచ్చు.

మండువేసవిలో, ఖాళీ బిందె చేత్తో పట్టుకుని నియమాలు రాద్దామంటే మాత్రం కుదరదండీ. అప్పుడు గట్టిగా అరిచినవాడి మడే తడుస్తుంది.