పన్నెండు మెట్ల పాట

2021 సెప్టెంబర్‌లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాట విడుదలయ్యాక, మొదట్లో వినిపించిన ఆ గొంతు ఎవరిదని జనం ఆరా తీశారు. పాత పాలమూరు జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యది. ఆయన చేతిలోని కిన్నెర అనే తీగవాద్యానికి మాత్రం ఏడెనిమిది వందల ఏళ్ల చరిత్ర ఉంది.

13వ శతాబ్దంలో దేవగిరిలో శార్ఙ్గదేవుడు రాసిన ‘సంగీత రత్నాకరం’లో కిన్నరీ వీణ ప్రస్తావన ఉంది. పాల్కురికి సోమనాథుడి ‘బసవపురాణం’లోనైతే ఏకంగా కిన్నర బ్రహ్మయ్య అనే శివభక్తుడే ఉన్నాడు. తర్వాతి కాలంలో వీణ మెరుగులు దిద్దుకుని కచేరీలకెక్కింది. కిన్నెర మొగులయ్య కులస్థులైన డక్కలివాళ్ల భుజమెక్కి ఊళ్లు తిరిగింది.

వాద్యం తయారీ చూడండి. వెదురు దండి, దాని కింద మూడు ఎండు సొరబుర్రలు, పైన పన్నెండు మెట్లు. మెట్లను తేనెమైనంతో అతికిస్తారు కాబట్టి, కాస్త అటూ ఇటూ జరిపి శ్రుతి సరిచేసుకోవచ్చు. పూర్వం ఆ మెట్లు అలుగు పొలుసులు. తీగలేమో నరాలు, వెంట్రుకలు. పక్కనే నల్లమల ఉండగా సరుకుకు కరువేముంది? 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అలుగును ముట్టుకుంటే జైలే. తీగలూ లోహానివయ్యాయి.

డక్కలివాళ్లు మాదిగలకు ఆశ్రితులు. మాదిగల కులపురాణం చెప్పి, వాళ్ల దగ్గరే త్యాగం (కానుక) అడుగుతారు. పెద్దలను దోచి పేదలకు పెట్టిన పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ మొగులయ్య కిన్నెర మీద పలికేవి.

2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటిజాగా ప్రకటించింది. అయినా 2024లో ఆయన కూలి పనికి వెళ్తున్నారన్న వార్త చూసి జనం ముక్కున వేలేసుకున్నారు. పతకం చూపిస్తే కిరాణా కొట్టువాడు బియ్యం తూచడు కదా! ఆ ఏడాదే హయత్‌నగర్‌లో ఆయనకు స్థలం పత్రాలు అందాయి.

అదే 2024లో పాలమూరుకు మరో పద్మశ్రీ దక్కింది. ఈసారి నారాయణపేట వైపు దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు. అదీ వెదురు, ఎండు బుర్రలతో చేసే వాద్యమే. కర్ణాటక సరిహద్దు పక్కనే ఉన్న ఊరు కావడంతో, కొండప్ప తెలుగులోనూ కన్నడంలోనూ పాడతారు.