గొలుసుల నుంచి సంకేతపదాల దాకా: విశ్వవిద్యాలయ గ్రంథాలయాల ద్వారపాలన

మధ్యయుగపు ఐరోపాలో పుస్తకాలను ఇనుప గొలుసులతో అరలకు బంధించి ఉంచేవారు. ఇంగ్లండులోని హియర్‌ఫర్డ్ కెథెడ్రల్‌లో అటువంటి గ్రంథాలయం నేటికీ చూడవచ్చు. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో తన పంచసూత్రాలను ప్రకటించినప్పుడు, మొదటి సూత్రాన్ని వివరిస్తూ ఈ గొలుసుల ప్రస్తావన తెచ్చారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా నియమితులైన ఆయన, పాఠకుడు స్వయంగా అరల మధ్యకు వెళ్ళి పుస్తకం ఎంచుకొనే పద్ధతిని నెలకొల్పారు. ఎలక్ట్రానిక్ పత్రికల రాకతో, తీరిపోయిందనుకొన్న ఆ పాత సమస్య మరొక రూపంలో తిరిగి వచ్చింది.

కారణం స్పష్టమే. అచ్చు పత్రిక గ్రంథాలయం సొత్తు. ఎలక్ట్రానిక్ పత్రిక ఎక్కడో ప్రచురణకర్త కంప్యూటరులో ఉంటుంది. గ్రంథాలయం చందా చెల్లించి పొందేది చదివే హక్కు మాత్రమే. కనుక చదువవచ్చినవాడు ఆ హక్కు గలవాడని ఎవరో ఒకరు హామీ ఇవ్వక తప్పదు.

తొలి ఉపాయం చిరునామా. ప్రాంగణంలోని కంప్యూటర్ల ఐ.పి. సంఖ్యలను ముందుగా ప్రచురణకర్తకు తెలిపితే, ఆ సంఖ్యల నుంచి వచ్చిన ప్రతి అభ్యర్థనకూ తలుపు తెరుచుకొనేది. పఠన మందిరంలో కూర్చున్నవాడిని పేరు అడిగే పని లేదు. ఈ పద్ధతిలోని ఔదార్యాన్ని తరువాతివారు తగినంతగా గుర్తించలేదనే చెప్పాలి. అయితే ప్రాంగణపు గేటు దాటిన మరుక్షణం ఆచార్యుడైనా అపరిచితుడే. పోనీ ఒక్కొక్క ప్రచురణకర్తకు ఒక్కొక్క పాస్‌వర్డ్ ఇద్దామంటే, వాటిని గుర్తుంచుకోవడమే ఒక విద్య అయ్యేది.

బ్రిటన్‌లో 1990ల మధ్యకాలంలో ఏథెన్స్ అనే వ్యవస్థ అనేక సేవలకు ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ చాలునని నిరూపించింది. అమెరికాలోని ఆరిజోనాలో ఒక చిన్న కమ్యూనిటీ కళాశాల గ్రంథాలయాధికారి క్రిస్ జాగర్ 1999లో ఈజీప్రాక్సీ అనే ప్రోగ్రాము రచించాడు. ఇంట్లో ఉన్న విద్యార్థి ముందు కళాశాల సర్వరులో లాగిన్ అవుతాడు. ఆ సర్వరు అతని తరఫున తన చిరునామాతో ప్రచురణకర్తను పలకరిస్తుంది. గ్రంథాలయాధికారి తన పాఠకుల కష్టం చూచి చేసిన ఈ పని ప్రపంచమంతటా వ్యాపించింది. 2008లో ఓ.సి.ఎల్.సి. సంస్థ దానిని తీసుకొన్నది.

భారతదేశంలో ఈ చరిత్ర ఇన్‌ఫ్లిబ్‌నెట్‌తో ముడిపడి ఉన్నది. 1991లో ప్రాజెక్టుగా ఆరంభమైన ఆ సంస్థ 1996లో స్వతంత్ర అంతర విశ్వవిద్యాలయ కేంద్రమైంది. 2003 డిసెంబరులో రాష్ట్రపతి డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలామ్ యు.జి.సి.-ఇన్ఫోనెట్ డిజిటల్ లైబ్రరీ కన్సార్టియంను ప్రారంభించారు. ఒక్కొక్క విశ్వవిద్యాలయం విడిగా కొనలేని పత్రికలు ఉమ్మడి చందాతో అందసాగాయి. విశ్వవిద్యాలయాలకు చిరునామా పద్ధతి సరిపోయింది. కళాశాలల సంగతి వేరు; స్థిరమైన ఐ.పి. సంఖ్య లేనివే ఎక్కువ. అందుచేత 2010లో వచ్చిన ఎన్-లిస్ట్ పథకంలో ప్రతి అధ్యాపకునికీ, విద్యార్థికీ విడివిడిగా యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చే ఏర్పాటు జరిగింది. చదువు ముగించి వెళ్ళినవారి పేర్లు తొలగించడం, కొత్తవారివి చేర్చడం కళాశాల గ్రంథాలయాధికారి నెత్తిన పడిన పని. ఎవరి కంటా పడని పని అది.

మూడవ మార్గం షిబ్బోలెత్. జోర్డాను రేవుల వద్ద ఉచ్చారణను బట్టి శత్రువును పట్టి చంపిన బైబిల్ పాతనిబంధన కథలోని మాట ఇది. గ్రంథాలయపు తలుపుకు కొంచెం భయంకరమైన పేరే. 2003లో తొలి రూపం వెలువడిన ఈ వ్యవస్థలో ప్రచురణకర్త పాఠకుణ్ణి అతని విశ్వవిద్యాలయపు లాగిన్ పుటకే పంపుతాడు. విశ్వవిద్యాలయం పరీక్షించి, ఇతడు మావాడేనని బదులిస్తుంది. పాస్‌వర్డ్ బయటికి పోదు. పేరు కూడా పోనక్కరలేదు. ఎవరు ఏమి చదివారన్న సంగతి గోప్యంగా ఉంచగల వీలు ఇందులో ఉన్నది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహిస్తున్న ఇన్‌ఫెడ్ సమాఖ్య ఈ పద్ధతిపైనే నడుస్తున్నది. 2020 మార్చిలో దేశమంతా ఇళ్ళకు పరిమితమైనప్పుడు, ప్రాంగణం వెలుపలి నుంచి ప్రవేశం అదనపు సౌకర్యం కాదని, గ్రంథాలయమంటే అదేనని తేలిపోయింది.

కాపలా సడలితే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉన్నది. 2010లో అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రాంగణపు నెట్‌వర్క్ నుంచి ఆరన్ స్వార్ట్జ్ జెస్టోర్ వ్యాసాలను లక్షల సంఖ్యలో దించుకొన్నాడు. ఫలితంగా ఆ అక్టోబరులో ప్రాంగణం మొత్తానికి కొన్ని రోజులు జెస్టోర్ అందలేదు. అభియోగాలు ఎదుర్కొంటూ అతడు 2013 జనవరిలో 26 ఏళ్ళకే ఆత్మహత్య చేసుకొన్నాడు. నేరానికీ శిక్షకూ పొంతన లేదన్న ఆవేదన నేటికీ వినవస్తుంది.

2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలతో ఒకే దేశం-ఒకే చందా పథకాన్ని ఆమోదించింది. 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 పత్రికలు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు 2025 జనవరి నుంచి అందసాగాయి. ఇక్కడ కూడా ప్రవేశ నిర్వహణ ఇన్‌ఫ్లిబ్‌నెట్‌దే.

ఏ జాబితాలోనూ లేని పాఠకుడు ఒకడు మిగిలి ఉన్నాడు. పదవీవిరమణ చేసిన అధ్యాపకుడో, ఏ సంస్థకూ చెందని పరిశోధకుడో, ఊరి నుంచి వచ్చిన జిజ్ఞాసువో కావచ్చు. నడిచివచ్చి గ్రంథాలయపు కంప్యూటరు వద్ద కూర్చొనేవాడు కూడా చదువవచ్చునని అనేక ప్రచురణ సంస్థల ఒప్పందాలలో ఒక నిబంధన ఉంటుంది. ఆ కంప్యూటరు సైతం పాస్‌వర్డ్ అడిగేదైతే ఆ నిబంధన కాగితం మీదనే ఉండిపోతుంది. అతిథి కోసం ఒక్క కంప్యూటరునైనా లాగిన్ లేకుండా తెరచి ఉంచడం గ్రంథాలయాధికారి చేతిలోని పని.