మ్రానిపై వెలసిన యక్షరములు

శిలపై చెక్కిన వ్రాత వేయేండ్లు నిలుచుట వింత గాదు. నిప్పునకును చెదలకును ఎరయగు కలపపై చెక్కిన వ్రాత పదునొకండు శతాబ్దములకు మించి నిలుచుట వింత. అట్టి వ్రాత ఐగుప్తు దేశమున, కైరో నగరమందలి ఇబ్న్ తూలూన్ మసీదులో నేటికిని గలదు.

అహ్మద్ ఇబ్న్ తూలూన్ ఒక తురుష్క బానిస కుమారుడు. అబ్బాసీ ఖలీఫాల పక్షమున 868లో ఐగుప్తునకు వచ్చి, క్రమముగా స్వతంత్రునివలె ఏలెను. అతడు కట్టించిన మసీదు 879లో ముగిసెను. దాని గోడలు ఇటుకవి, పైపూత గచ్చు. మండపముల పొడవునను, కప్పునకు దిగువగా, ఖురాను వాక్యములు చెక్కిన కలపపట్టీ సాగుచుండును. దాని నిడివి సుమారు 2 కిలోమీటర్లు! ఆ కలప అత్తిజాతి మ్రానిది. మన మేడికి దాయాది యనవచ్చును. కలప కఱవైన ఆ దేశమున నింత కలపను అక్షరములకై వెచ్చించుట సామాన్యమైన ఔదార్యము గాదు.

ఆ లిపి కూఫీ. నిలువుగీతలు, అడ్డగీతలు, కోణములు: ఉలికి అనువైన రూపము. అయితే ఆ కాలపు కట్టడములమీది కూఫీ వ్రాతలలో చుక్కలు సాధారణముగా నుండవు. చుక్క లేనిచో అరబ్బీలో బకారమును తకారమును ఒకటే. పైగా పట్టీ మిక్కిలి యెత్తున నున్నది. మఱి యెవరు చదువవలెనని చెక్కిరి? బడిపిల్లలకు అక్షరములు దిద్దించువారము గాన ఈ ప్రశ్న మమ్ము విడువలేదు. వాక్యము ముందే కంఠస్థమైనవానికి అది జ్ఞాపకము చేయును. ఎఱుగనివానికి అది నగిషీ మాత్రమే యని మా తలంపు.

ఇందుచేతనే కాబోలు, ఒక కథ పుట్టినది. ఖురాను సమస్తము ఆ పట్టీపై నున్నదనియు, ఆ పలకలు నూహు ప్రవక్త యోడవనియు జనులు చెప్పుకొనిరి. కట్టడమును కొలిచిన పండితుల లెక్కలో అందున్నది గ్రంథమున పదియవ వంతుకూడ గాదు. వ్రాత అందఱి కన్నులయెదుట నుండగనే యీ కథ సాగినది! నవ్వుటకు మనకు హక్కు లేదు. మన యూళ్ల గుడిగోడల శాసనములను గూర్చి మనము విన్న కథలు తక్కువవా?

905లో ఖలీఫా సేనలు తూలూను వంశము నడంచి, అతడు నిర్మించిన అల్ ఖతాయీ పట్టణమును నేలమట్టము గావించినవి. మసీదును మాత్రము ముట్టలేదు.